మేడ మీది టేకు నేల: గోదావరి డెల్టా ఇళ్లలో చెక్క నేలల సంరక్షణకు సమగ్ర మార్గదర్శి

గోదావరి డెల్టాలోని పాత మండువా లోగిళ్లలో కింది అంతస్తుకు గచ్చో, నాపరాళ్లో ఉంటే, మేడ మీద మాత్రం దూలాలపై టేకు పలకలు పరిచి నేల చేయడం ఒకప్పుడు మామూలు సంగతి. ఆ టేకులో కొంత భద్రాచలం, పాపికొండల ఎగువ అడవుల నుంచి తెప్పలుగా కట్టి గోదావరి మీద రాజమహేంద్రవరం దాకా తెచ్చినది; కొంత బర్మా నుంచి ఓడల మీద కోరంగి, కాకినాడ రేవులకు దిగినది. అటువంటి ఇళ్లు ఏటికేడు తగ్గుతున్నా, భీమవరం, అమలాపురం, కాకినాడ వంటి పట్టణాల కొత్త ఇళ్లలో పడకగది వరకైనా చెక్క నేల వేయించుకునేవారు కనిపిస్తూనే ఉన్నారు. తాతలనాటి నేలను నిలబెట్టుకోవాలనుకునేవారికీ, నిన్నగాక మొన్న వేయించుకున్నవారికీ పనికివచ్చేలా ఈ మార్గదర్శిని రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. మన ప్రాంతంలో నడిచి నడిచి అరిగిపోయిన చెక్క నేలలను నేను చాలా తక్కువ చూశాను. పాడైనవాటిలో ఎక్కువ భాగం తడి లోపలికి పోయే దారి ఉండి, బయటికి వచ్చే దారి లేక పాడైనవే. అందువల్ల నేలకు ఏ పని తలపెట్టినా, దానివల్ల చెక్క రెండు వైపులా ఒకేలా ఆరుతుందా, లేక ఒక వైపు మూసుకుపోతుందా అన్నది ముందు చూసుకోవాలి.

ముందుగా: మీ నేల ఏమిటో గుర్తించండి

పాత మేడల్లో ఉన్నవి సాధారణంగా అంగుళం మందానికి అటూ ఇటూగా ఉండే నిండు పలకలు. కొత్త ఇళ్లలో వేసేవాటిలో కొన్ని ప్లైవుడ్ మీద పలుచటి అసలు చెక్క అతికించిన ఇంజినీర్డ్ పలకలు. మరికొన్ని నొక్కిన పొట్టు మీద చెక్క బొమ్మ అచ్చువేసిన లామినేట్ పలకలు. నిండు పలకను ఎన్నోసార్లు గీకి పాలిష్ చేయవచ్చు, ఇంజినీర్డ్ పలకను పై చెక్క మందాన్ని బట్టి ఒకటి రెండు సార్లు చేయవచ్చు, లామినేట్‌ను ఒక్కసారి కూడా గీకకూడదు. గుమ్మం దగ్గర పలక తెగిన అంచును చూస్తే ఏది ఏమిటో తెలిసిపోతుంది.

తరువాత పాలిష్ సంగతి. ఎవరికీ కనపడని మూలలో ఒక నీటి చుక్క వేసి పది నిమిషాలు ఆగండి. చుక్క ముత్యంలా నిలిచి ఉంటే పై పూత బాగానే ఉన్నట్టు. మెల్లగా పరుచుకుని కింద చెక్క నల్లబడుతుంటే పూత పలచబడినట్టు. వేసిన వెంటనే ఇంకిపోతే అక్కడ పూత లేనట్టే. ఆ నీటిని తుడిచి, ఆరనిచ్చి, పక్కన దూదితో ఒక చుక్క స్పిరిట్ అద్దండి. వేలికి జిగురుగా తగిలితే అది పాత లక్క పాలిష్. స్పిరిట్‌కు చలించకపోతే చాలావరకు పాలీయురేథేన్, అంటే పనివారు పీయూ అని పిలిచే పూత. ఈ రెండు చుక్కల పరీక్ష చేయకుండా దుకాణంలో కొన్న ఏ ద్రావకాన్నీ నేల మీద పోయవద్దు. లక్క మీద పనిచేసేది పీయూ మీద పనిచేయదు. పీయూకు హాని చేయనిది లక్కను తెల్లగా పొరలు కట్టించవచ్చు.

తేమ లెక్క

చెక్క ఆరిన తరువాత కూడా గాలిలోని తేమను బట్టి నీటిని తీసుకుంటూ, వదులుతూ ఉంటుంది. గాలిలో తేమ 65 శాతం దగ్గర నిలకడగా ఉంటే చెక్కలో తేమ సుమారు 12 శాతానికి వచ్చి ఆగుతుంది. గాలి తేమ 80 శాతమైతే అది 16 శాతం దాకా చేరుతుంది. మన దగ్గర వానాకాలంలో వారాల తరబడి గాలి 80 శాతానికి పైనే ఉంటుంది. మే నెలలో పడమటి గాలి తిరిగినప్పుడు మధ్యాహ్నాలు ఒక్కసారిగా పొడిబారతాయి. ఈ రెండింటి మధ్య పలక పొడవు దాదాపు మారదు, వెడల్పు మాత్రం మారుతుంది. నాలుగు అంగుళాల టేకు పలకలో తేమ నాలుగు శాతం పెరిగితే వెడల్పు సుమారు ముప్పాతిక మిల్లీమీటరు పెరుగుతుంది. ఒక్క పలకకు ఇది లెక్కలోనిది కాదు. పన్నెండు అడుగుల గదిలో అటువంటి పలకలు 36 ఉంటాయి కనుక మొత్తం పెరుగుదల అంగుళం దాటుతుంది. పలకల మధ్య సందులూ, గోడల వెంట వదిలిన ఖాళీ ఆ అంగుళాన్ని తమలో దాచుకుంటాయి. వేసవిలో సందులు కనిపిస్తున్నాయని లప్పం పెట్టించి మూసేసినవారి నేల, శ్రావణం వచ్చేసరికి మధ్యలో పైకి లేవడానికి కారణం ఇదే.

టేకు కావడం మన అదృష్టమనే చెప్పాలి. మామిడి చెక్కతో పోలిస్తే తేమకు టేకు చలించేది తక్కువ.

గదిలో వేలాడదీసే చిన్న తేమమాపకం ఒకటి కొనుక్కోండి. కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. గదిలో తేమ 45 నుంచి 65 శాతం మధ్య ఉంటే నేలకు హాయి. వానాకాలంలో అది 80 దాటి రోజుల తరబడి దిగకపోతే ఏసీని డ్రై మోడ్‌లో రోజుకు కొన్ని గంటలు నడపడం మంచిది. అయితే ఒక గదిలో ఏసీ పెట్టి, పక్క గదిని తడిగాలికి వదిలేస్తే గడప దగ్గర పలకలు రెండు రకాలుగా కదులుతాయి. ఆ తలుపు మూసి ఉంచాలి.

రోజువారీ శుభ్రం

గీతలు పడేది ఇసుకతో. డెల్టాలో ఒండ్రుమట్టి ఆరితే మెత్తటి పొడి అవుతుంది, అది పెద్దగా హాని చేయదు. వాకిట్లో పోసిన గోదావరి ఇసుక గింజ ఒకటి కాలికి అంటుకుని పైకి వస్తే చాలు, ఉప్పుకాగితంతో సమానం. చెప్పులు గుమ్మం బయట విడిచే అలవాటు మనకు ఎలాగూ ఉంది. దానికి తోడు మెట్ల మొదట ఒకటి, మెట్ల పైన ఒకటి గోనెపట్టానో, కొబ్బరి పీచు పట్టానో వేసి, వారానికొకసారి ఇంటి బయట దులపండి.

ఊడ్వడానికి మన్యం నుంచి వచ్చే కొండచీపురు వాడాలి. కొబ్బరి ఈనెల చీపురు వాకిలికీ, పెరటికీ బాగుంటుంది కానీ చెక్క నేల మీద దాని ఈనెలు, ముఖ్యంగా ఇసుకను ఈడ్చుకుంటూ, పాలిష్‌ను సన్నగా గీస్తాయి. పలకల నిలువునా ఊడ్చాలి. అడ్డంగా ఊడిస్తే దుమ్ము సందుల్లోకి పోయి, అక్కడ తేమ పట్టి గట్టిపడుతుంది.

తడిగుడ్డ విషయంలోనే అందరికీ చిక్కు వస్తుంది. బండలు కడిగే అలవాటున్న చేతికి బకెట్టు నీళ్లు పోసి తుడిస్తేనే శుభ్రం చేసినట్టుంటుంది. పనిమనిషికి నోటితో చెబితే సరిపోదు, ఒకసారి చేసి చూపించాలి. మెత్తటి నూలుగుడ్డను నీళ్లలో ముంచి, రెండు చేతులా మెలిపెట్టి పిండాలి. పిండిన గుడ్డను అరచేతి మీద వేసి నొక్కితే చెయ్యి చెమ్మగా తగలాలి, చుక్క మాత్రం రాలకూడదు. ఆ గుడ్డతో తుడిచినప్పుడు నేల మీద కనిపించే తడి మెరుపు ఒక నిమిషం లోపు ఆరిపోవాలి. అంతకన్నా ఎక్కువసేపు నిలిస్తే నీళ్లు ఎక్కువైనట్టు. వారానికి ఒకటి రెండు సార్లు ఇలా చేస్తే చాలు, మిగతా రోజులు పొడిగుడ్డతో తుడవాలి. ఎక్కువ జిడ్డు ఉన్నచోట అరబకెట్టు నీళ్లలో గిన్నెలు తోమే సబ్బునీళ్లు నాలుగు చుక్కలు కలపవచ్చు.

ఫినాయిల్, బ్లీచింగ్ పౌడరు, యాసిడ్, నిమ్మరసం, వెనిగర్, వంటసోడా, ఇవేవీ నేల తుడిచే నీళ్లలో పడకూడదు. కొబ్బరినూనె గురించి కోనసీమవారితో కొంచెం గట్టిగానే చెప్పాలి. మెరుస్తుందని పండుగ ముందు రోజు గుడ్డకు కొబ్బరినూనె రాసి నేలంతా తుడిచే ఇళ్లు నాకు తెలుసు. కొబ్బరినూనె గాలికి ఆరి గట్టిపడే నూనె కాదు. అది జిడ్డుగానే ఉండి దుమ్మును పట్టుకుంటుంది, సందుల్లోకి ఇంకుతుంది, తరువాత ఎప్పుడైనా పాలిష్ చేయించబోతే ఆ పూతను పట్టనివ్వదు. నూనే రాయాలనుకుంటే అవిసెనూనె వేరు, అది ఆరుతుంది. దాని జాగ్రత్తలు తరువాత చెబుతాను.

పండుగలు, పూజలు, బీరువాలు

రాతిపిండి ముగ్గు చెక్క మీద వేయకూడదు, అది గరుకు. బియ్యప్పిండి ముగ్గు గీయదు కానీ చీమలను పిలుస్తుంది కనుక ఆ సాయంత్రమే పొడిచీపురుతో తీసేయాలి. ముగ్గును తడిగుడ్డతో తుడిస్తే పిండి ముద్దయి సందుల్లో దిగబడుతుంది. దీపారాధన కుంది కింద ఇత్తడి పళ్లెం తప్పనిసరి. కార్తికమాసంలో మేడ గుమ్మంలో వరసగా ప్రమిదలు పెట్టేవారు కింద ఒక నాపరాయి ముక్క వేసుకోవడం మేలు. కొబ్బరికాయ మేడ మీద కొట్టవద్దు. పసుపు మరక పడితే కంగారుపడి తోమకండి. చెమ్మగుడ్డతో పైపైన తీసి కిటికీ తెరిచి ఉంచితే, ఎండ తగిలే చోట పసుపు రంగు కొన్ని రోజుల్లో తనంతట తానే వెలిసిపోతుంది. కుంకుమను మాత్రం ముందు పొడిగానే, బ్రష్షుతో ఎత్తేయాలి. తడి తగిలిందంటే రంగు దిగుతుంది.

ఆవకాయ జాడీలను పలకల మీద నేరుగా పెట్టవద్దు. మట్టిపిడతైనా, పింగాణీ జాడీయైనా నూనె అడుగుకు జారుతుంది; మూడు నెలల తరువాత జాడీ తీస్తే గుండ్రటి నల్లటి చక్రం మిగులుతుంది. అటక మీద, మేడ మీద కొబ్బరికాయలు పోసుకునేవారు వారానికొకసారి తిరగేసి, కుళ్లి కారుతున్నవాటిని తీసేయాలి. కాయనీరు ఇంకి, కింద ఇనుప మేకు ఉంటే అక్కడ చెక్క సిరా పోసినట్టు నల్లబడుతుంది.

బీరువా, మంచం కాళ్ల కింద మందపాటి ఊలు ముక్కలు అంటించండి. నల్ల రబ్బరు బిళ్లలు వద్దు. రబ్బరులోని పదార్థం పీయూ పూతలోకి దిగి పసుపుపచ్చ మరక వేస్తుంది, అది తుడిస్తే పోదు. రబ్బరు అడుగున్న తివాచీలకూ ఇదే వర్తిస్తుంది.

ప్లాస్టిక్ చాప గురించి మా ఇంటి అనుభవమే చెబుతాను. ఒక పెళ్లికి ముందు, నేల పాతబడి కనిపిస్తున్నదని మేడంతా రంగుల వినైల్ షీటు పరిచాం. చుట్టాలందరూ బాగుందన్నారు. రెండు వానాకాలాలు గడిచాక ఒక మూల మెత్తగా తగలడంతో షీటు ఎత్తి చూశాం. కింద పలకలు చెమటపట్టినట్టు తడిగా, బూజువాసన వేస్తూ ఉన్నాయి. గోడ పక్కన ఏడు పలకలు వేలితో నొక్కితే దిగబడేంత మెత్తబడ్డాయి. అటు కింది గది నుంచి తేమ పైకి వస్తూ, ఇటు షీటు దాన్ని ఆరనీయకుండా ఆపేసింది. నూరేళ్లు నిలిచిన టేకును రెండేళ్లలో పాడుచేసింది మేమే.

వానాకాలానికి ముందు, వానాకాలంలో

మే నెలాఖరులోపు పెంకులు నేయించాలి. 1996 నవంబరు 6 నాటి తుఫాను కోనసీమలో ఎన్ని ఇళ్ల కప్పులు లేపిందో పెద్దవారికి గుర్తే. అంత గాలి రాకపోయినా ఒక్క పెంకు పగిలి, అదే చోట చుక్క చుక్కగా కారడమే నేలకు ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే దాన్ని ఎవరూ పట్టించుకోరు. మొదటి పెద్ద వాన పడుతున్నప్పుడే పైకి వెళ్లి, టార్చిలైటు పలకల మీద అడ్డంగా వేసి చూడండి. నిలువుగా వేస్తే కనపడని తడి అడ్డపు వెలుగులో మెరుస్తుంది.

వానాకాలంలో కిటికీలు ఎప్పుడు తెరవాలన్నది కూడా ముఖ్యమే. రాత్రిపూట, వాన వెలిసిన వెంటనే తెరిస్తే బయటి తడిగాలినే లోపలికి పిలిచినట్టు. తెరపిచ్చిన రోజున ఉదయం పదకొండు నుంచి మధ్యాహ్నం మూడు దాకా రెండు వైపులా తెరిచి గాలి ఆడనివ్వాలి. పిల్లలు అమెరికాలోనో, హైదరాబాదులోనో స్థిరపడి తాళం వేసిన ఇళ్లు మన ఊళ్లలో వీధికి నాలుగు ఉన్నాయి. అటువంటి ఇళ్లలో నేల నిలవాలంటే వారానికి రెండు రోజులు ఇలా తలుపులు తెరిచే మనిషిని పెట్టుకోవడం, ఏ పాలిష్ చేయించడం కన్నా ముందు చేయవలసిన పని.

పలకల అంచులు పైకి లేచి నడుమ పల్లమైతే, అడుగు భాగం పై భాగం కన్నా ఎక్కువ తడి పీల్చిందని అర్థం. పైన పాలిష్ ఉండి కింద పచ్చి చెక్క ఉన్న మేడల్లో ఆగస్టు, సెప్టెంబరులలో ఇది సాధారణం. అప్పుడు గీకించడం పెద్ద పొరపాటు. మా ఇంటికి వచ్చిన ముసలి వడ్రంగి ఒకాయన చిత్రిక సంచి విప్పకుండానే, "ఇప్పుడు గీకితే వేసవిలో మళ్లీ నన్నే పిలుస్తారండి బాబుగారూ" అని లేచి వెళ్లిపోయాడు. ఆయన మాట నిజం. లేచిన అంచులను కోసేస్తే, చెక్క ఆరాక అంచులు దిగిపోయి నడుమ ఉబ్బెత్తుగా మిగులుతుంది. అప్పుడు దాన్ని చదును చేయడానికి ఇంకో పొర చెక్క పోగొట్టుకోవాలి. సంక్రాంతి దాకా ఆగితే చాలా పలకలు వాటంతట అవే సర్దుకుంటాయి. ఏటా ఇదే జరుగుతుంటే, ఆరిన రోజుల్లో కింది గదిలోంచి పలకల అడుగుకు కూడా ఒక పూత వేయించాలి.

పలకల కింద: దూలాలు, గోడలు, చెదలు

ఏడాదికొకసారి కింది గదిలో నిచ్చెన వేసుకుని దూలాలు గోడలో దిగే చోటును చూడాలి. సన్నటి స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి; గట్టి చెక్కలో మొన దిగదు, పుచ్చిన చోట వెన్నలో దిగినట్టు దిగుతుంది. పాత సున్నపు గోడలకు సిమెంటు ప్లాస్టరింగు చేయించిన ఇళ్లలో ఇది మరింత అవసరం. సున్నం తేమను బయటికి వదులుతుంది, సిమెంటు లోపలే ఆపుతుంది. ఆగిన తేమ దూలం చివరను వెతుక్కుంటుంది. గోడ బాగుచేయించేటప్పుడు సున్నంతోనే చేయించడం, కనీసం దూలం చుట్టూ వేలు పట్టేంత గాలి సందు వదలడం మంచిది.

టేకు చేవను చెదలు అంత సులువుగా ముట్టవు. చేవ లేని తెల్లటి పైభాగాన్నీ, టేకు కాని అడ్డకర్రలనూ వదలవు. తొలకరి వానల తరువాత దీపం చుట్టూ ఉసుళ్లు మూగి, రెక్కలు ఇంట్లోనే రాలితే పుట్ట దగ్గరలో ఉన్నట్టే. గోడ వెంట మట్టి గొట్టాలు కనిపిస్తే మధ్యలో ఒక అంగుళం గీకి తీసేయండి. రెండు మూడు రోజుల్లో అది మళ్లీ పూడుకుంటే చెదలు లోపల పనిచేస్తున్నాయి. అప్పుడు కిరోసిన్ చల్లడం వల్ల లాభం లేదు. కట్టి ఉన్న ఇళ్లకు చెద మందు వేసే పద్ధతి భారత ప్రమాణం ఐఎస్ 6313 మూడో భాగంలో ఉంది. దాని ప్రకారం గోడ, నేల కలిసే చోట రంధ్రాలు చేసి మందు పోసే లైసెన్సుదారుని పిలవాలి. సన్నటి రంధ్రాల్లోంచి పిండిలాంటి పొడి రాలుతుంటే అది చెద కాదు, చెక్కపురుగు. ఆ పొడి పాతదో కొత్తదో తేలాలంటే కింద తెల్లకాగితం పరిచి వారం తరువాత చూడాలి.

కింది అంతస్తులో కాంక్రీటు మీద నేరుగా చెక్క వేయించుకునేవారికి ఇంకో పరీక్ష. డెల్టాలో నాలుగడుగులు తవ్వితే నీరు ఊరే ఊళ్లు ఉన్నాయి. అడుగున్నర చదరపు పాలిథీన్ ముక్కను కాంక్రీటు మీద నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక పగలు, ఒక రాత్రి ఉంచండి. తీసినప్పుడు అడుగున చెమ్మ ఉన్నా, కాంక్రీటు నల్లబడినా, తేమను పైకి రానీయకుండా అడ్డుకునే పూత వేయించకుండా చెక్క పరచవద్దు. గోడల వెంట పది, పన్నెండు మిల్లీమీటర్ల ఖాళీ వదలమని మేస్త్రికి చెప్పండి. పలకలను వేసే ముందు రెండు వారాలైనా ఆ గదిలోనే, మధ్యన పుల్లలు పెట్టి పేర్చి ఉంచాలి.

చిన్న మరమ్మతులు

మంచం కాలు పడి నొక్కుకుపోయిన గుంట, పాలిష్ లేని చెక్కలో అయితే, పైకి వస్తుంది. గుంటలో నాలుగు చుక్కల నీళ్లు వేసి, పైన మడత తడిగుడ్డ పెట్టి, వేడి ఇస్త్రీ పెట్టెను రెండు మూడు క్షణాలు ఆనించి ఎత్తాలి. ఆవిరికి నలిగిన పోగులు ఉబ్బుతాయి. తెగిన పోగులు మాత్రం ఉబ్బవు, అంటే గీత పోదు.

మేకుల చుట్టూ నల్ల మరకలు ఇనుము, తడి, చెక్కలోని వగరు పదార్థం కలిసి పుట్టేవి. వాటికి ఆక్జాలిక్ యాసిడ్ పనిచేస్తుంది. ముందు అక్కడి పూతను తీసేసి, లీటరు గోరువెచ్చటి నీళ్లలో 50 గ్రాములు కరిగించి బ్రష్షుతో మరక మీద మాత్రమే పూయండి. ఆరాక వంటసోడా కలిపిన నీళ్లతో ఒకసారి, మంచినీళ్లతో రెండుసార్లు పిండిన గుడ్డతో తుడవాలి. అది విషం. చేతికి తొడుగులు ఉండాలి, పిల్లలు ఆ దరికి రాకూడదు, ఆరిన పొడిని పీల్చకూడదు. మరక పోయాక ఆ ఇనుప మేకు పీకేసి ఇత్తడి మరగానీ, స్టెయిన్‌లెస్ మరగానీ బిగించండి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి మామూలు ఇనుము ఎన్నాళ్లూ ఆగదు.

సందుల గురించి నా అభిప్రాయం: వానాకాలంలో మూసుకుపోయేవాటిని వదిలేయండి. ఏడాది పొడుగునా రెండు మూడు మిల్లీమీటర్లు తెరుచుకునే ఉన్న సందులో గట్టి నూలుతాడును కూరితే, అది నలుగుతుంది, మళ్లీ సర్దుకుంటుంది. చేతికందుతుంది కదా అని కొబ్బరి పీచు తాడు వాడితే దాని గరుకు ఇసుకను పట్టి ఉంచుతుంది. కిర్రుమనే పలకకు సందులో ముఖానికి రాసే పౌడరు పోసి తొక్కితే కొన్నాళ్లు ఊరుకుంటుంది. శాశ్వతంగా పోవాలంటే కింది నుంచి దూలానికి మర బిగించాలి.

మళ్లీ పాలిష్ చేయించడం

మూడు నుంచి ఐదేళ్లకొకసారి పై పూతను 220 నంబరు ఉప్పుకాగితంతో పైపైన రుద్ది, ఇంకో పూత వేస్తూ వెళితే చెక్కదాకా గీకవలసిన అవసరం ఎన్నో ఏళ్లు రాదు. పూత పూర్తిగా పోయాక చేయించేవారు అంతకంతా ఖర్చుపెడతారు. పూర్తిగా గీకించాల్సి వస్తే జనవరి, ఫిబ్రవరి నెలలు ఎంచుకోండి. చెక్క మధ్యస్థంగా ఆరి ఉంటుంది, మబ్బులు ఉండవు. ధనుర్మాసపు మంచు కురిసే వేళ మాత్రం కిటికీలు మూసి, ఎండ పొడిచాక పని మొదలుపెట్టాలి.

మొదట ప్రతి మేకు తలనూ సూదిసుత్తితో రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి దింపాలి. ఒక్క తల మిగిలినా యంత్రం కాగితం చిరిగిపోతుంది. తరువాత 60, ఆపై 80 లేక 100, చివరికి 120 నంబరు కాగితాలతో, పలకల నిలువునా గీకాలి. మధ్యలో ఒక నంబరు మానేస్తే ముందటి కాగితం గీతలు పాలిష్ వేశాకే బయటపడతాయి. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు, టేకు పొడి కూడా ముక్కును మండిస్తుంది. మాస్కు లేకుండా ఎవరినీ పని చేయనివ్వకండి.

టేకుకు సహజంగానే నూనె ఉంటుంది. అప్పుడే గీకిన టేకు మీద పీయూ వేస్తే కొన్నిచోట్ల ఆరక జిగురుగా మిగలడానికి కారణం ఇదే. దుమ్ము తీశాక థిన్నరు తడిపిన తెల్లటి గుడ్డతో తుడిచి, ఆ రోజే మొదటి పూత వేయాలి. మొత్తం మూడు పూతలు. ఒక్కోదాని మధ్య ఒక రోజు, తేలికపాటి రుద్దుడు. మూడో పూత తరువాత ఒక రోజుకు వట్టికాళ్లతో నడవవచ్చు, నాలుగు రోజులకు సామాను పెట్టవచ్చు, తివాచీ మాత్రం రెండు వారాలు ఆగాకే.

పాత మేడలకు నేను పీయూ కన్నా అవిసెనూనెనే ఇష్టపడతాను. మెరుపు తక్కువ, అరిగిన చోటు వరకే మళ్లీ పూసుకోవచ్చు, చెక్కను ఊపిరాడకుండా మూసేయదు. దుకాణంలో కాచినది (బాయిల్డ్) అని అమ్మే అవిసెనూనెను గుడ్డతో పలుచగా రాసి, అరగంటకు మిగిలినదంతా తుడిచేయాలి. తుడవకపోతే బంకలా మిగులుతుంది. ఆ తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పారేయవద్దు. ఆరుతున్నప్పుడు అవిసెనూనె వేడి పుట్టిస్తుంది, ఉండలోపల ఆ వేడి పేరుకుని గుడ్డలు వాటంతట అవే అంటుకుంటాయి. ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు, ప్రపంచమంతటా చెక్కపని చేసేవారికి తెలిసినదే. ఒక్కొక్క గుడ్డనూ ఆరుబయట విప్పి పరిచి పూర్తిగా గట్టిపడేదాకా ఆరనివ్వాలి, లేదా నీళ్ల బకెట్టులో ముంచి ఉంచాలి.

వరద వేళ

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది ఇస్తారు. లంకల్లోనూ, గట్టు పక్క ఊళ్లలోనూ రెండో హెచ్చరిక వినగానే కింది సామానంతా మేడ ఎక్కుతుంది. 1986 ఆగస్టులోనూ, 2022 జూలైలోనూ అదే జరిగింది. ధాన్యం బస్తా 75 కిలోలు. నేడు నివాసపు నేలలను చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువుకు లెక్కకడతారు; పాత దూలం అంత మోస్తుందో లేదో చూస్తే తప్ప తెలియదు. అందుచేత బస్తాలను ఒక్క వరసకు మించి పేర్చవద్దు. గది నడుమ కుప్పగా పోయకుండా, దూలాలు గోడలో దిగే వైపులా సర్ది, ఒకే దూలం మీద బరువంతా పడకుండా ఎన్ని దూలాల మీదికి పంచితే అంత మంచిది. తడిసిన బస్తాలను చెక్క మీద అసలు పెట్టవద్దు.

కింది అంతస్తులో చెక్క నేల ఉండి వరదనీరు ఎక్కితే, నీరు తీసిన రోజే, ఒండ్రు ఇంకా మెత్తగా ఉండగానే, మంచినీళ్లతో కడిగి తోసేయాలి. ఒండ్రు ఆరి గట్టిపడితే గీకవలసి వస్తుంది. గోడ వెంట మొదటి రెండు పలకలు, ప్రతి ఆరేడు పలకలకు ఒకటి చొప్పున ఊడదీసి, ఏది ఎక్కడిదో సుద్దతో నంబరు వేసి, నీడలో పుల్లల మీద పేర్చండి. ఎండలో వేస్తే ఒక రోజులో పగుళ్లిస్తాయి. మిగిలిన నేల కిందికి ఫ్యాను గాలి తగిలేలా పెట్టి, వేడి హీటర్లేవీ వాడకుండా, మెల్లగా ఆరనివ్వాలి. వడ్రంగి దగ్గర సూదుల తేమమీటరు ఉంటే వారానికోసారి ఒకే చోట కొలిచి గోడ మీద రాసుకోండి. వరుసగా మూడు వారాలు అంకె మారకుండా నిలిచి, అది 14 శాతానికి దిగాకే ఊడదీసిన పలకలను వాటి నంబర్ల ప్రకారం తిరిగి బిగించాలి. జూలైలో తడిసిన నేలకు ఆ రోజు సాధారణంగా దీపావళి దాటాకే వస్తుంది.